అంచు చింపిన తెల్లగుడ్డ

మా నేతవాళ్ళ ఇళ్ళల్లో అంచు లేని తెల్లగుడ్డ నేయరు. అది పీనుగుకు కప్పే గుడ్డ. దానికి కత్తెర తగలనివ్వరు, చేత్తో చింపుతారు. ఇంత మాత్రం ఆ నాటకాల మేష్ట్రుకు తెలియదా? తెలుసు. అయినా తన పట్టు తనదే, మహానుభావుడు!

మా బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో మాట ఇది. మేము కెంచనగుడ్డలో ఉండేవాళ్ళం. నాయన మగ్గం గుంటలో దిగి నేసేవాడు, అమ్మ పక్కనే కూచుని రవికలు కుట్టేది. మా అన్నకు అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి. బళ్ళారి కంటోన్మెంట్ మైదానంలో ఆడబోయే నాటకంలో అన్నకు విజయనగర రాజు వేషం దొరికింది. ఊళ్ళో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయాడు.

మేష్ట్రు హంపికి పోయి రాతిబొమ్మలు చూసొచ్చాడు. ఆ కాలంలో కట్టినట్టే ఉండాలట. కుట్టు లేని ఒకే గుడ్డ, నడుముకు చుట్టి భుజం మీదికి వేసుకునేది.

"అంచు మాత్రం వద్దప్పా. శిల్పంలో యాడుండాది అంచు?" అన్నాడు.

"రాతికి ఎర్రంచు యాణ్ణించి వస్తుంది సామీ?" అని గొణిగాడు నాయన. కానీ కొడుకు మొహం చూసి ఒప్పుకున్నాడు. మగ్గం మీద మాత్రం సన్నటి ఎర్రంచు పెట్టే నేశాడు. "నేసేటప్పుడు అంచుంటే సాలు. తరవాత నువ్వు కత్తిరించెయ్" అని అమ్మకు చెప్పాడు. అమ్మ తలూపింది. కానీ ఆ గుడ్డ మగ్గం మీదినుంచి దిగేదాకా ఆమె మనసారా నవ్వింది లేదు. నాకు ఆ మగ్గం గదిలోకి పోవాలంటేనే భయమేసేది.

నాటకం ముందురోజు పొద్దున్నే బండి వచ్చి వాకిట్లో నిలబడింది. సానకిచ్చిన కత్తెర ఇంకా రాలేదు.

"బిన్నా ఇయ్యి మా! ఎద్దులు నిలబడవు!" అని అన్న బయటినుంచి ఒకటే అరుపులు.

ఆ తొందరలో అమ్మ చేతులు రవికల గుడ్డ చింపే అలవాటు కొద్దీ తమ పని తాము చేసేశాయి. అంచు పక్కన పంటితో గాటు పెట్టి, పర్రున ఈ కొసనుంచి ఆ కొసకు చింపేసింది.

చీర నేస్తున్న నాయన మగ్గం ఆపేశాడు.

"ఏం జేస్తివే!"

ఆయన గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. బయట అన్న బండివాడితో పరాచికాలాడుతున్నాడు.

"ఇది వానికి ఇయ్యొద్దు" అన్నాడు నాయన.

"ఇంకోటి యాడుండాది? వాని పానమంతా ఆ యేషంలోనే ఉండాది గదా!" అంటూ అమ్మ ఆ గుడ్డ తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఎంతకీ రాకపోతే నేను పోయి చూశాను. అమ్మ నేలమీద వెల్లకిలా పడుకుని, ఆ గుడ్డను తలనుంచి కాళ్ళదాకా కప్పుకుని ఉంది.

"ఏంది మా ఇది!"

"అరవాకే. వచ్చేదేదో ముందు నాకే రానీ. వానికి చెప్పినావంటే ఊరుకోను."

లేచి, దుమ్ము దులిపి, మడతపెట్టి, నవ్వుతూ అన్న చేతికిచ్చింది.

"నువ్వు రావా మా?"

"ఒంట్లో బాగలేదప్పా. నువ్వు పోయిరా."

ఆ గుడ్డలో కొడుకును చూడలేక వెళ్ళలేదని నాకు తెలుసు. నాటకం బ్రహ్మాండంగా జరిగింది. వానలు పడకముందే అమ్మకు జ్వరం తగిలింది. విషజ్వరమన్నాడు డాక్టరు. ఆయన మాటే నిజమని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. అమ్మ మాత్రం దక్కలేదు.

అన్న ఇప్పుడు మనవళ్ళతో దుక్కలా ఉన్నాడు. నలుగురు కూడితే చాలు, ఆ రాజు వేషం గొప్పలు మొదలుపెడతాడు. ఆఖర్న ఎప్పుడూ అదే నిష్ఠూరం:

"ఊరంతా వచ్చి సూసినారు. మా అమ్మొక్కతే రాలేదు. నా మింద ఆమాత్రం ప్రేమ ల్యాకపాయె."

నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మాట నోటిదాకా వస్తుంది. ఆ ముసలి మొహం చూసి మింగేస్తాను.

"అన్నం తిను న్నా, సల్లారిపోతాండాది" అంటాను.