పసుపు దారం కట్టిన టూత్‌ఫిష్

దయ్యాలు, గాలీ ధూళీ నేనెన్నడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్ళంటే విసుగు కూడా. చేపల్ని లెక్కపెట్టి బతికేవాణ్ణి, కంటితో చూసి చేత్తో కొలిచిందే నాకు నిజం. కాబట్టి ఇది చదివి మీరు విసుక్కున్నా నేనేమీ అనుకోను.

సిద్దిపేటలో కిరాయికి ఉంటూ అంటార్కిటికా సముద్రంలో చేపల మీద పనిచేస్తానంటే మా గల్లీలో ఇప్పటికీ నవ్వుతారు. మనకు చలికాలం వచ్చినప్పుడు అక్కడ ఎండాకాలం. మంచు కాస్త విడుస్తుంది, చేపల ఓడలు వెళ్తాయి. ప్రతి ఓడ మీదా లెక్క చూసేందుకు బయటి మనిషి ఒకడుండాలి. ఆ బయటి మనిషిని నేను.

అక్కడ పట్టేది టూత్‌ఫిష్ అనే చేపను. మనిషంత పెరుగుతుంది, చాలా ఏళ్ళు బతుకుతుంది. కిలోమీటరుకు పైగా లోతులోకి గాలాల తాడు దింపి పైకి లాగుతారు. వాటిలో దెబ్బ తగలని కొన్నింటికి వీపు దగ్గర ప్లాస్టిక్ బిళ్ళ గుచ్చి నేను మళ్ళీ నీళ్ళలోకి వదలాలి. తర్వాతి ఏళ్ళలో బిళ్ళ ఉన్నవి ఎన్ని దొరికాయో చూసి, అడుగున మొత్తం ఎన్ని ఉన్నాయో అంచనా కడతారు. వచ్చే ఏడు ఎంత పట్టుకోవచ్చన్నది దాన్నిబట్టే తేలుతుంది. మొప్పలు చిరిగిన చేపను వదిలితే అది ఎలాగూ చస్తుంది, లెక్కా చెడుతుంది. అందుకని అలాంటిది ఎంత మంచి చేపైనా కోతకే పోవాలి.

నా భార్య స్వరూప వాళ్ళది తొగుట దగ్గర చేపలు పట్టే ఇల్లు. ఇప్పుడు మల్లన్నసాగర్ జలాశయంలో వలలేస్తారు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు కష్టమొస్తే పెద్ద తల్లిచేపనొకదాన్ని పట్టి, దాని తోక మొదట్లో చిన్న పసుపు కొమ్ముతో పసుపు దారం కట్టి వదిలేస్తారు. ఆ దారమున్న చేప తర్వాత ఎవరి వలలో పడినా వదలాల్సిందే. అది ఉన్నన్నాళ్ళూ బిడ్డకు ఢోకా లేదని నమ్మకం.

ఇది విని నేను అత్తమ్మను ఆటపట్టించేవాణ్ణి. "మేం గూడ గదే చేస్తం అత్తమ్మా, మాది ప్లాస్టిక్కు, మీది నూలు. కాకపోతే మాది మల్ల దొరికితే కోసి సూస్తం."

"ఇడిసిపెట్టినంక మల్ల కోసుడేంది అల్లుడా? గదేం పద్ధతి?" అని ఆమె నిజంగానే బాధపడేది.

నేను చెప్పేది జరిగిన ఏడు స్వరూప కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. నాకు పోవాలని లేదు. కానీ నా బదులు పోయే మనిషి దొరకలేదు, మాటిచ్చేసి ఉన్నాను. బయల్దేరే రోజు అత్తమ్మ నా మణికట్టుకు కూడా ఒక దారం కట్టింది. ఆమెది ఎడమ చేతి వాటం. వల అల్లేటప్పుడు వేసే ముడే వేస్తుంది కానీ, అందరిదీ ఒక వైపు తిరిగితే ఆమెది ఇంకో వైపు తిరుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

అక్కడ ఆ నెలల్లో రాత్రి ఉండదు. ఎప్పుడు చూసినా అదే తెల్లటి వెలుతురు. పడుకున్నా పడుకున్నట్టుండదు, లేచినా లేచినట్టుండదు. అలసట ఎముకల్లోకి దిగుతుంది. ఆ అలసటలో ఉండగా మా బావమరిది మెసేజ్ వచ్చింది. స్వరూపకు రక్తం పోతోంది, సిద్దిపేట దవాఖానాలో చేర్చాం, డాక్టర్లు ఏ సంగతీ చెప్పడం లేదు అని. తిరిగి ఫోన్ చేస్తే కలవలేదు. నేల కనిపించని చోట నేనేం చేయగలను? గ్లౌజులు తొడుక్కుని డెక్ మీదికి పోయాను.

తాడు పైకి వస్తోంది. చేపలు ఒక్కొక్కటే వస్తున్నాయి. వాటిలో ఒక పెద్ద ఆడచేప వచ్చింది. గాలం మొప్పలో దిగి చీల్చేసింది, నెత్తురు కారుతోంది. చూడగానే కోతకు అని చెయ్యి ఊపాను.

అప్పుడు దాని తోక మొదట్లో పసుపుపచ్చగా ఏదో కనిపించింది.

దారం. పేనిన నూలు దారం. దానికి చిన్న పసుపు కొమ్ము. వంగి చూశాను. గ్లౌజు తీసి వేళ్ళతో రుద్ది వాసన చూశాను. పసుపే. ఆ మంచునీళ్ళలో, చేప జిడ్డులో కూడా పసుపు వాసనే. నా చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు మీది ముడిని పక్కన పెట్టి చూశాను. రెండు ముళ్ళూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

నా పక్కన పెద్ద వయసు డెక్ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, ఇండోనేషియా మనిషి. ఆయనా చూశాడు. దారం వైపు, నా చేతి వైపు చూసి, చేప తల వైపు పట్టుకున్నాడు. ఇద్దరం ఎత్తి నీళ్ళలోకి వదిలాం. బిళ్ళ గుచ్చలేదు, ఫొటో తీయలేదు. ఎందుకు తీయలేదంటే ఆ క్షణంలో ఫోన్ అనేది ఒకటుందని కూడా నాకు గుర్తు లేదు. చేప కాసేపు పక్కకు ఒరిగి తేలింది. తర్వాత తోక ఒకసారి కదిలింది, మునిగిపోయింది.

ఆ తర్వాత ఫోన్ కలిసింది. రక్తం ఆగిందట. లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోందట. అత్తమ్మ ఆ రోజు పొద్దున్నే మల్లన్నసాగర్‌లో దారం కట్టిన చేపను వదిలి, అటు నుంచే దవాఖానాకు వచ్చిందని బావమరిది చెప్పాడు. అది మన చెరువుల్లో పెరిగే రవ్వ చేప అట, వదిలినప్పుడు వాడూ తెప్ప మీదే ఉన్నాడు.

రిపోర్టులో దారం సంగతీ, చేపను వదిలేసిన సంగతీ ఉన్నదున్నట్టు రాశాను. వేరే ఓడ తాడు పోగు చుట్టుకుని ఉంటుందని పైవాళ్ళు అన్నారు. నేనూ అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. మరి పసుపు కొమ్మో? ముడి తిరిగిన వైపో?

ఇంటికొచ్చాక అత్తమ్మకు అంతా చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"మొప్ప తెగిందంటివి గదా అల్లుడా. బతుకుతదా?"

"చెప్పలేను అత్తమ్మా."

"నువ్వే గదా చేపలది సదువుకున్నోనివి. నువ్వే చెప్పకపోతే ఎవలు చెప్తరు?"

నిజానికి నాకు తెలుసు. అలా మొప్ప తెగినవి మామూలుగా బతకవు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

మాకు పాప పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది. దాని ఒళ్ళు కాస్త వేడెక్కితే చాలు, నేను మందు కంటే ముందు ఆ చేప గురించి ఆలోచిస్తాను. ఇది సిగ్గుపడాల్సిన మాటే. అక్కడ వచ్చే ఏడు ఎంత పట్టాలని లెక్కలు కట్టేటప్పుడు, ఆ అంకెలో అదీ ఉందేమోనని చెయ్యి ఆగుతుంది. లెక్క మాత్రం ఎక్కడా తప్పనివ్వలేదు. ఆ దారం అక్కడికెలా చేరిందో నాకు తెలియదు. ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెబితే వాళ్ళ కాళ్ళకు దండం పెడతాను.

ఈ ఏడూ పిలుపు వచ్చింది. నా నడుము పాడైంది, చలికి వేళ్ళు మొద్దుబారి తిమ్మిరెక్కుతున్నాయి. ఇప్పుడు కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను రానంటే ఎవరూ బలవంతపెట్టరు. బ్యాగు సర్దుతుంటే స్వరూప గుమ్మంలో నిలబడి అడిగింది.

"శాతనైతలేదంటివి గదా. మల్ల ఎందుకు పోతున్నవ్?"

"ఆ జాగల ఈసారి గూడ గాలాలేస్తరు. అది మల్ల పడితే ఇడిసిపెట్టెటోడు ఒకడుండాలె గదా" అన్నాను.

ఆమె లోపలికి పోయి నా ఉన్ని సాక్సులు తెచ్చి బ్యాగులో పెట్టింది.