నా ‘అయితే’, మా బావ హారన్

మైకు ముందు మూడు వాక్యాలు మాట్లాడి ఒక ఊరి మంచినీళ్లను ముంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ ఘనత నాదే, చదవండి.

అప్పట్లో నేను విజయనగరంలో ఉంటూ భూగర్భ జలాల మీద పరిశోధన చేస్తుండేదాన్ని. యువ శాస్త్రవేత్తలు ల్యాబు గుమ్మం దాటి జనంలోకి వెళ్లాలని, ప్రభుత్వ నిర్ణయాల్లో తలదూర్చాలని మా గైడు గారు ఒక సభలో చెప్పారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టి టీకి వెళ్లారు. నేను నమ్మేశాను.

తలదూర్చడానికి చోటు కూడా సిద్ధంగా ఉంది. భావనపాడు వైపు, మా అక్కను ఇచ్చిన ఊళ్లో రొయ్యల చెరువులు వచ్చాక బోరు నీళ్లు ఉప్పెక్కాయి. అక్క బిందె పట్టుకుని పక్క ఊరికి వెళ్తోంది. చాలదన్నట్టు ఇంకా చెరువులు తవ్వుతామంటే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. నేను వెళ్లి ఊళ్లో బోర్లన్నీ పరీక్షించాను. సముద్రం పక్క బోర్లు బాగానే ఉన్నాయి, చెరువుల పక్కవే చెడిపోయాయి. ఇంతకంటే తేటగా ఏ పరీక్షా సమాధానం చెప్పదు.

ఊరంతా నా మీదే ఆశ పెట్టుకుంది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు నా నాలుకకు బలమివ్వమని ప్రార్థన చేశారు. బలం వచ్చింది. దాన్ని ఎటువైపు వాడాలో ప్రార్థనలో లేదు.

సభ రోజున షామియానా కింద అధికారి మర్యాదగా అడిగారు. "చెరువుల వల్లే నీళ్లు ఉప్పయ్యాయా అమ్మా? అవునా, కాదా?"

అవును అంటే సరిపోయేది. కానీ రీసెర్చి పేపర్లు రాసి రాసి నా నోటికి ఆ మాట అలవాటు తప్పింది. మైకు సర్దుకుని ఇలా సెలవిచ్చాను.

"ఇప్పుడున్న ఆధారాలను బట్టి ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేం. అయితే ఇతర కారణాలు కూడా ఉండి ఉండవచ్చు. మరింత పరిశోధన అవసరం."

చప్పట్లు మోగాయి. కొట్టింది చెరువుల వాళ్లు. శాస్త్రవేత్త గారే తేల్చలేకపోతున్నారు కదా అన్నారు అధికారి. ఊరివాళ్లు గోల చేయబట్టి సభ ఇంకో రోజుకు వాయిదా పడింది.

మర్నాడు మేడమ్ గారికి కృతజ్ఞతలంటూ ఐసు వేసిన రొయ్యల బుట్ట అక్క ఇంటికి వచ్చింది. ఆటో నడిపే మా బావ దాన్ని ఆ ఆటోలోనే తీసుకెళ్లి తిరిగి ఇచ్చేశాడు. అక్క నన్ను పిలిచి కూర్చోబెట్టింది. బోరు నీళ్లతో టీ పెట్టి ఇచ్చింది. గుక్కెడు తాగి గ్లాసు దించాను.

"తాగే," అంది అక్క. "ఏరే కారణాలు కూడా ఉంటాయన్నావు గదా. మరింత తాగితే తెలుస్తాది."

సిగ్గుతో చచ్చిపోయాను. గ్లాసు మాత్రం ఖాళీ చేశాను.

రెండో సభ దగ్గర పడ్డాక బావ ఒక ఉపాయం చెప్పాడు. "ఈపాలి నువ్వు సెరువులోళ్ల తరపున మాటాడే. మనం గెలిసేస్తాం."

నేను ఏడుపు ముఖం పెట్టేసరికి ఇంకోటి చెప్పాడు. ఆటో షామియానా పక్కనే పెడతాడట. నా నోట ‘అయితే’ అన్న మాట వచ్చిందంటే హారన్ కొడతాడట. ఆ తర్వాత నేను నోరెత్తకూడదు.

ఆ రోజు అధికారి మళ్లీ అదే ప్రశ్న అడిగారు.

"అవునండి," అన్నాను. "సముద్రం పక్క బోర్లు బాగున్నాయి. చెరువుల పక్కవే చెడిపోయాయి. చెరువుల వల్లే."

అక్కడ కూర్చోవాలి. నేను కూర్చోలేదు. "అయితే..."

హారన్ మోగింది. అధికారి ఉలిక్కిపడి ఆ చప్పుడేమిటని అడిగారు. బావ ఆటో దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా మరదలు సెప్పడం అయిపోయినాదండి," అన్నాడు.

అంతవరకే రాసుకున్నారు. కొత్త చెరువులకు అనుమతి రాలేదు. పాతవాటి తగువు ఇంకా తెగలేదు, అక్క బిందె ఇంకా పక్క ఊరికే వెళ్తోంది. అందుకే నేనూ ఇంకా సభలకు వెళ్తున్నాను.

కాబట్టి పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. తెలిసిన సంగతి అడిగితే తెలుసని చెప్పి కూర్చుంటాను. మైకు ముందు ‘మరింత పరిశోధన’ అని జన్మలో అనను. అయితే, ఇప్పుడున్న ఆధారాలను బట్టి...

క్షమించాలి. వీధిలో ఆటో హారన్ మోగుతోంది.