ఆమె పేరున్న గిన్నెలు

కాపురానికి వచ్చిన రోజు నేను చాయ్ తాగిన గ్లాసు మీద ఇంకొక ఆడమనిషి పేరు ఉంది. గ్లాసు కడుగుతూ ఆ అక్షరాలు చదివాను. పక్కనున్న పళ్లెం తిప్పి చూశాను. దాని మీదా అదే పేరు. పప్పు గిన్నె, పాల గిన్నె, మంచినీళ్ల బిందె, అన్నం గంటె కాడ, అన్నిటి మీదా ఆమే.

అది భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్. రెండు గదులు, వంటిల్లు, వెనక కొంచెం వాకిలి. ఆ పేరు మా ఆయన మొదటి భార్యది. ఆమె జబ్బు చేసి చనిపోయింది. రెండో తరగతి చదివే కూతురు మిగిలింది. మా నాయన కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు, నేను అక్కడే రాలిన గింజలు ఊడ్చుకునేదాన్ని. ముప్పై దాటినా నాకు పెళ్లి కాలేదు. ఈ సంబంధం వచ్చినప్పుడు, అన్నీ అమర్చి ఉన్న ఇల్లు, గిన్నె కూడా కొనే పని లేదు అని మావాళ్లు సంబరపడ్డారు. నేను ఒక్క సూట్‌కేసు పట్టుకుని వచ్చాను.

గిన్నెల మీద పేర్లు ఉండడం వింతేమీ కాదు. మా వైపు పెళ్లికి పెట్టిన గిన్నెల మీద పెట్టినవాళ్ల పేరు ఉంటుంది, లేదా మొగుడూ పెళ్లాల పేర్లు కలిపి ఉంటాయి. ఇక్కడ ఆమె పేరు ఒక్కటే ఉంది. భార్య మీద అంత ప్రేమ ఉన్న మొగుడు ఏ జాతరలోనో కూర్చుని కొట్టించి ఉంటాడని అనుకున్నాను. ఆయనను అడగలేదు. అడిగితే అవును అంటాడేమోనని భయం.

అన్నం వడ్డించేటప్పుడు ముందు పేరున్న చోట అన్నం పెట్టేదాన్ని. ఆయన తింటూ పోతుంటే ఆ అక్షరాలు ఒక్కొక్కటే బయటపడేవి. పీచు పెట్టి కసిగా తోమేదాన్ని. ఎంత తోమితే పేరు అంత మెరిసేది.

పిల్ల నన్ను చిన్నమ్మా అని పిలిచేది. మంచి పిల్ల, మారాం చేసేది కాదు. కానీ అన్నం తినడం అయిపోయాక పళ్లెం మీది పేరును వేలితో దిద్దుతూ కూర్చునేది. హోంవర్క్ నేనే చేయించేదాన్ని, జ్వరమొస్తే దవాఖానకు నేనే ఎత్తుకుపోయేదాన్ని, వేలు మాత్రం ఆ పేరు మీదికి పోయేది. చచ్చిపోయిన మనిషి మీద కుళ్లుకుంటున్నానని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గలేదు. ఆయన ఆమె గురించి ఎన్నడూ మాట్లాడలేదు. పొగిడితే కొట్లాడేదాన్ని. ఆ మౌనంతో ఏం కొట్లాడను?

అట్లా ఏళ్లు గడిచాయి. పిల్ల నర్సింగ్ చదివి జనగామలో ఒక దవాఖానలో ఉద్యోగంలో చేరింది. ఆయన రిటైరయ్యాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. పిల్లకు దగ్గరగా ఉందామని జనగామలో రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. అది ఈ ఇంటికంటే చిన్నది. సామానంతా పట్టదు.

"అక్కెరకు రానియన్ని తీసెయ్. నన్ను అడుగకు," అన్నాడు ఆయన.

ఆ మాట వినగానే నాకు పండగైంది. ముఖం మామూలుగా పెట్టుకుని సరే అన్నాను.

వాకిట్లో చాప పరిచి సామాను బయట పెట్టాను. తుప్పు పట్టిన కూలర్, కాలు విరిగిన మంచం, ఎలుకలు కొట్టిన పరుపులు ముందే పక్కకు తోశాను. వాటి మీద నాకు పగ లేదు. గిన్నెలను మాత్రం ఒక్కొక్కటే గోనెసంచిలో వేశాను, చప్పుడు వింటూ. బస్టాండు దగ్గర పాత స్టీలు తీసుకుని కొత్త గిన్నెలిచ్చే దుకాణం ఉంది. ఏ పేరూ లేని గిన్నెలు తెచ్చుకుని కొత్తింట్లో పొయ్యి వెలిగించాలని నా ఆలోచన.

పిల్ల సెలవు పెట్టి వచ్చింది. వచ్చీ రాగానే చాప మీద కూర్చుని తన తల్లివి ఏరడం మొదలుపెట్టింది. నాలుగు చీరలు, పళ్లు ఊడిన దువ్వెన, ఒక చేతిసంచి. అన్నీ మడతపెట్టి ఒడిలో పెట్టుకుంది. నేను అల్లిన స్వెట్టరు, దానికోసం ఏరి ఏరి కొన్న టిఫిన్ డబ్బా మాత్రం పక్కింటి పిల్లలకు ఇచ్చే కుప్పలోకి పోయాయి.

ఆ కుప్పలోంచి స్వెట్టరు తీసి పట్టుకున్నాను. "గా స్వెట్టరెందుకు తీసేసినవ్?"

"చిన్నగైంది కద చిన్నమ్మా. ఎవలన్న పోరగాండ్లు తొడుక్కుంటరు."

"మరి మీ అమ్మ చీరలు నువ్వు కట్టుకుంటవా?"

"కట్టుకోను. ఉంటయ్ తియ్."

"నేనిచ్చినయి పారేసుడు, ఆమెవి దాసుకునుడు. బాగనే ఉన్నది."

పిల్ల తలెత్తి చూసింది. దాని ముఖంలో కోపం లేదు, కొంచెం ఆశ్చర్యం ఉంది. "నువ్వున్నవ్ గద చిన్నమ్మా," అంది.

ఆ మాటకు కరిగిపోయానని చెబితే అబద్ధం. నాకు ఇంకా కోపమొచ్చింది. బతికున్నందుకు నా వస్తువుకు విలువ లేదా అనిపించింది. లోపలికి పోయి, చేసే పనేమీ లేకపోయినా వంటింట్లో నిలబడ్డాను.

మరుసటి రోజు పొద్దున దేవరుప్పుల నుంచి ముసలామె దిగింది. ఆమె పిల్లకు అమ్మమ్మ, పోయినామెకు తల్లి. ఇల్లు ఖాళీ చేస్తున్నామని పిల్ల ఫోన్‌లో చెప్పిందట. ఆమె వచ్చినప్పుడల్లా నేను గిన్నెలు తోముకుంటూ వెనక వాకిట్లోనే ఉండిపోయేదాన్ని. ఆ రోజు తప్పించుకునే వీలు లేదు. గోనెసంచి మూతి విప్పి ఉంది, పైనే ఒక పళ్లెం కనబడుతోంది.

తిడుతుందని కాచుకున్నాను. ఆమె పళ్లెం తీసి వెలుగులో పట్టుకుంది.

"గివి ఇంక ఉన్నయా? ఎన్నడో పారేసినవనుకున్న."

"మీ బిడ్డ పేరున్నది గదవ్వా. ఎట్ల పారేస్త?"

"నీ మీది కోపంతోనే కొట్టించింది బిడ్డా."

నాకు అర్థం కాలేదు. "నా మీదనా? నేనెవలో ఆమెకు తెల్వదు గద."

"తెల్వదు. అయినా నీ మీదనే."

ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని చెప్పింది. దవాఖాన వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న తర్వాత ఆమె ఈ వాకిట్లోనే మంచం మీద ఉండేదట. లేవలేకపోయేది. ఒకరోజు గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు వీధిలో కేకేసుకుంటూ పోతుంటే పిలిపించింది. వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చి వాడి ముందు పెట్టమంది.

"నేను వద్దన్న. ఏం పనే నీకిది, పండుకో అన్న. వినలే. 'రేపు ఇంకొకతి వస్తదవ్వా. నా వంటింట్ల వండుతది, నా పిల్లకు బువ్వ పెడ్తది, నా మొగని పక్కపొంటి కూసుంటది. పెట్టినప్పుడల్ల నా పేరు సూడాలె,' అన్నది. ఆకర్కి గంటెను గూడ వదల్లే. గా మిషిని బర్రుమంటుంటే కండ్లు మూసుకోని వినుకుంట పండుకున్నది."

తలుపు దగ్గర పిల్ల నిలబడి వింటోంది. దానికీ ఆ సంగతి తెలియదని ముఖం చూస్తే తెలిసింది.

నేను గోనెసంచి పక్కనే కూలబడ్డాను. ఆమె కుళ్లుకున్నది నా వంట మీద, నా వడ్డన మీద, పిల్ల ముందు నేను కూర్చోవడం మీద. నేను విసుక్కుంటూ చేసిన ప్రతి పనీ ఆమె మంచం మీద నుంచి కోరుకున్నదే. నేనామెను చూడకముందే, ఈ ఇంటి పేరు కూడా వినకముందే, ఆమె నా మీద ఏడ్చింది. కేసముద్రం యార్డులో గింజలు ఊడ్చుకునే పిల్లను చూసి ఎవరైనా అసూయపడతారని నేను కలలో కూడా అనుకోలేదు. ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఏడుపులో కొంచెం గర్వం కూడా ఉంది.

మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు మొదటిసారి అడిగాను. "ఈ పేర్లు మీరు కొట్టించినయేనా?"

"నేనెందుకు కొట్టిస్త? డ్యూటీకెళ్లి వచ్చేసరికి ఉన్నయి. పక్కింటోళ్ల సామాన్లల్ల కలుస్తున్నయని కొట్టించిన అన్నది." అని ముద్ద కలుపుకున్నాడు. ఆయనకు అంతకుమించి తెలియదు. నేనూ చెప్పలేదు.

సాయంత్రం ముగ్గురం సంచి కుమ్మరించి పంచుకున్నాం. ముసలామె బిందె తీసుకుంది. పిల్ల రెండు పళ్లేలు, ఒక గ్లాసు తీసుకుంది. అన్నం గిన్నె నేనుంచుకున్నాను. నాది పెద్ద మనసని కాదు, అడుగంటని గిన్నె అదొక్కటే. మిగతావి దుకాణానికి పోయాయి. తీరా సంచి దుకాణం మెట్ల మీద దించినప్పుడు నేననుకున్న సంతోషం రాలేదు. బరువు దిగినందుకు భుజం మాత్రం హాయిగా అనిపించింది.

జనగామ ఇల్లు చిన్నదే అయినా గాలి వస్తుంది. వచ్చిన నెలలోనే ముసలామె కళ్ల పరీక్షకని వచ్చి మా దగ్గర ఉంది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆ పూట పప్పుచారు పెట్టాను. ఆమె కలుపుకుని తిని, మామూలు మాటలా అంది, "మా బిడ్డ నీకంటె మంచిగ చేసేటిది."

వెంటనే నాకు తిక్క లేచింది. "ఏమేసేటిది?"

"ఏమో. మంచిగ చేసేటిది గంతే."

"రేపు మల్ల చేస్త. తిని చెప్పు."

పిల్ల నవ్వు ఆపుకోలేక గ్లాసు పట్టుకుని బయటికి పోయింది. నాకు నవ్వు రాలేదు. పొద్దున్నే లేచి చింతపండు నానబెట్టాను, మెంతులు వేయించి దంచాను, కొత్తిమీరకు బజారుకు పోయాను. మధ్యాహ్నం ముసలామె రెండోసారి పోయించుకుంది. బాగుందని మాత్రం అనలేదు. నేను ఎదురుగానే కూర్చుని ఆమె చేయి కడుక్కునే దాకా చూశాను.