కన్యస్త్రీల జోళ్లు కుట్టిన గిలో

ఫ్రాన్సు దేశపు బుర్గుండీలో గిలో కుట్టిన జోళ్లు తొడగని కన్యస్త్రీ లేదని చెప్పుకునే రోజులుండేవి. చెప్పుకునేది ఇంకెవరో కాదు, గిలోయే. అతనికి మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు. పాదం చూస్తే మాత్రం వీడు సోమరి, వీడు తాగుబోతు అని ఇట్టే చెప్పేసేవాడు. ఊళ్లోని మఠంలో కన్యస్త్రీలుగా చేరిన పెద్దింటి ఆడపిల్లలకు మేకతోలు జోళ్లు కుట్టీ కుట్టీ, వాళ్లంతా తన చుట్టాలే అన్నంత గర్వం తలకెక్కింది. ఆ గర్వంతోనే ఒక్కగానొక్క కూతురు ఓదెత్‌ని ఆ మఠంలో చేర్చాడు.

అప్పుడు మఠాన్ని బాగుచేస్తానంటూ కొత్త పెద్దగా ఆలెత్ అమ్మగారు దిగింది. వచ్చీ రాగానే మాంసం మానిపించింది, పరుపులు తీయించింది, జోళ్లన్నీ పోగేయించి బిచ్చగాళ్లకు పంచిపెట్టింది. మంచు కురిసినా ఒట్టికాళ్లే. తన మేకతోలు జోళ్లేసుకుని తప్పతాగి తూలుతున్న బిచ్చగాళ్లను చూసి గిలోకి కడుపు మండిపోయింది.

"పవిత్రతంట, పవిత్రత! దేవుడు కాళ్లిచ్చింది కుళ్లబెట్టుకోడానికా?" అని అంగడి ముందు రోజూ అరిచేవాడు. ఊళ్లోవాళ్లు మాత్రం రెండేసి మేజోళ్లు తొడుక్కుని, ఆవిడ ఒట్టికాళ్లను పొగడడానికి మఠం గుమ్మం దగ్గర బారులు తీరేవారు. వాళ్లను చూస్తే గిలోకి ఇంకా ఏవగింపు.

ఆవిడ వచ్చిన మూడో చలికాలంలో ఓదెత్ మంచం పట్టింది, కాలివేళ్లు నల్లబడ్డాయి. గిలో ఉన్ని అస్తరు వేసి జోళ్లు కుట్టి పట్టుకెళ్లాడు. మఠంలో బయటివాళ్లతో మాట్లాడే కటకటాల వెనక నల్లటి తెర. కూతురి గొంతు తప్ప ముఖం కనబడదు.

"తొడుక్కో తల్లీ. జబ్బుచేస్తే తొడుక్కోవచ్చటగా!"

"అమ్మగారు తొడుక్కోకుండా నేనెలా తొడుక్కుంటా నాన్నా?"

"ఆవిడా? గదిలో చాటుగా తొడుక్కునే ఉంటుంది, పిచ్చిదానా!"

"నీకు పాదం చూస్తే తెలుస్తుందిగా. చూసి చెప్పు. జోళ్లు తొడిగిన కాళ్లేనని నువ్వంటే ఆరోజే తొడుక్కుంటా."

ఈస్టరు ముందు ఉపవాసాల్లో ఆలెత్ అమ్మగారు కన్నుమూసింది. ఊరంతా ముద్దు పెట్టుకోడానికి కాళ్లు బయటికి కనిపించేలా ప్రార్థనాలయంలో పడుకోబెట్టారు. గిలో పెళ్లికి వెళ్తున్నట్టు వెళ్లాడు. గుండెలు బాదుకుంటున్న జనాన్ని మోచేతులతో తోసుకుని, ముద్దు పెట్టేవాడిలా వంగి అరికాలు తడిమాడు.

చెక్కను ముట్టుకున్నట్టుంది. మడమ పగుళ్లలో గోరు దిగింది. ఎడమకాలికి రెండు వేళ్లు లేవు, అవి ఊడి ఏళ్లయింది. ఆ కాళ్లు ముప్ఫై ఏళ్లుగా జోడు ఎరగవు.

"ఒక్కసారైనా మోసం చేస్తే నీ సొమ్మేం పోయేదే?" అని శవం మీదే పళ్లు కొరికాడు.

అక్కడినుంచి కటకటాల దగ్గరికి వెళ్లాడు.

"చూశావా నాన్నా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మెత్తగా ఉన్నాయంటే చాలు, కాదనగలిగేవాడు ఊళ్లో లేడు. కానీ పాదం గురించి గిలో ఇంతవరకు ఎవరికీ అబద్ధం చెప్పలేదు, దౌర్భాగ్యుడు.

"పగిలిపోయాయి" అన్నాడు.

తెర వెనక ఓదెత్ నవ్వింది. ఆమె మఠంలో చేరాక అతను ఆ నవ్వు వినడం అదే మొదలు.

"జోళ్లు తీసుకుపో నాన్నా. ఇంక తేకు" అంది.