చిన్నక్క తిట్టని వ్యాసం

ప్రతి గురువారం పొద్దున మదనపల్లెలో పుంగనూరు బస్సు ఎక్కేటప్పుడు గోపాలస్వామి చొక్కా జేబులో మడిచిన కాగితాలు ఉండేవి. శనివారం పేపర్లో రావలసిన వ్యాసం అది. దాన్ని అచ్చుకు పంపే ముందు పుంగనూరు బస్టాండు పక్కన టీ కొట్టు నడిపే చిన్నక్కకు చదివి వినిపించాలి. ఆమె తిట్టాలి. తిట్టిన చోట ఆయన పెన్నుతో గీత పెట్టుకోవాలి. ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతి ఇది.

గోపాలస్వామిది పెద్దపంజాణి దగ్గర మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. పుంగనూరులో విలేకరిగా చేరి, మదనపల్లె డెస్కుకు మారి, ఆఖరికి 'ఉన్నమాట' శీర్షిక కింద వారం వారం రాజకీయాలు రాసే దాకా వచ్చాడు. ఉచితాలు వద్దంటాడు. రుణమాఫీ చేస్తే అప్పు కట్టినవాడు వెర్రివాడవుతాడంటాడు. గుడిని ఊరు చూసుకోవాలి, సర్కారు కాదంటాడు. ఇంట్లో పెద్దల మాట చెల్లని చోట చట్టాలెన్ని తెచ్చినా లాభం లేదంటాడు. ప్రతిపక్షంలో ఏ పార్టీ ఉంటే ఆ పార్టీకి ఆయన మేధావి. అదే పార్టీ గెలిచాక చాదస్తుడు. అందరికీ ఇలా కానివాడైపోయి, భార్య శాంతకుమారి కూడా పోయాక, ఆయనతో నోరారా వాదించే మనిషి చిన్నక్క ఒక్కతే మిగిలింది.

చిన్నక్క తల్లి ఒకప్పుడు గోపాలస్వామి వాళ్ళ పొలంలోనే కలుపు తీసేది. ఆ రోజుల్లో కూలికొచ్చినవాళ్ళు ఆ ఇంటి గడప బయటే నిలబడి మాట్లాడేవారు. చిన్నక్క మాత్రం టీ కొట్టు పెట్టినప్పటి నుంచీ ఆయన్ను 'నువ్వు' అనే పిలిచింది. మొదట్లో ఆయనకు చివుక్కుమంది. తరవాత అది లేకపోతే గురువారం గురువారంలా ఉండేది కాదు.

"ఏమప్పా, ఈ వారం ఎవురి నోట్లో మన్ను కొడతాండావు?" అనేది, ఆయన బస్సు దిగీదిగగానే.

"చదువుతాను, విను."

"సదువు. పాలు పొంగేలోపల అయిపోవల్ల."

ఆమె చదువుకోలేదు. భర్త పోయాక వితంతు పింఛను, ఈ కొట్టు, ఇవే ఆధారంగా కూతురు సంగీతను చదివించింది. ఇప్పుడు సంగీత బెంగళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తోంది. ఉచితాల మీద ఆయన ఎప్పుడు రాసినా చిన్నక్క గరిటె పక్కన పెట్టేసేది. "నీకు మీ నాయన భూమి ఇచ్చినాడే, అది ఉచితం కాదా? నువ్వేమన్నా కొనుక్కున్యావా?" ఒకసారి ఆ మాటకు కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వితే, ఆయన కూడా నవ్వి గీత పెట్టుకున్నాడు.

అలా పెట్టుకున్న గీతల వల్లే ఆయన వ్యాసానికి ఒక రూపం వచ్చింది. సగం దాకా తన వాదన గట్టిగా వాయించేవాడు. చివర చిన్నక్క మాటను, ఆమె పేరు చెప్పకుండా, తీసుకొచ్చి దానికి జవాబు ఉంటే చెప్పేవాడు, లేకపోతే లేదని ఒప్పుకునేవాడు. పేపరు కొన్నవాడు చివరిదాకా చదువుతాడని ఆయన నమ్మకం.

పోయిన ఏడాది పేపరు జిల్లా పేజీలు తగ్గించింది. 'ఉన్నమాట'కు చోటు లేదని ఫోన్లో చెప్పారు. ఆ తరవాత కూడా ఆయన రాశాడు, గురువారం చదివాడు, చిన్నక్క తిట్టింది. అచ్చు కాని వ్యాసాలు జేబులోనే నలిగిపోయాయి. అంతలో కుప్పంలో యూట్యూబ్ చానల్ నడిపే ప్రవీణ్ పిలిచాడు. "మీ అట్లా మాట్లాడేటోళ్ళు లేరు సార్. వచ్చి ఒక గంట చెప్పండి."

వెళ్ళిన రోజు కూడా గురువారమే. కుప్పం పోయే బస్సు పుంగనూరులో కాసేపు ఆగింది. కొట్టులో నుంచి చిన్నక్క ఆయన్ను చూసి గ్లాసు ఎత్తి చూపించింది. దిగితే బస్సు పోతుంది. తిరిగొచ్చేటప్పుడు వస్తానని ఆయన కిటికీలోంచే చెయ్యి ఊపాడు. చదివి వినిపించకుండా మాట బయటపెట్టడం ఆయనకు అదే మొదటిసారి.

కుప్పంలో ఒక మొబైల్ షాపు పై గదిలో ఆకుపచ్చ గుడ్డ ముందు కూర్చోబెట్టారు. కాగితం చూడొద్దన్నారు. గోపాలస్వామి రాసినట్టే మాట్లాడాడు. "పుంగనూరు బస్టాండులో చిన్నక్క ఉంది. టీ కొట్టు నడుస్తోంది. కూతురికి బెంగళూరులో జీతం. అయినా పింఛను వదలదు. చెయ్యి చాచడం అలవాటైతే ఇంతే" అన్నాడు. కొంత ఆగి, అసలు సంగతికి వచ్చాడు. "ఇదే మాట నేను ఆమెను అడిగాను. 'బిడ్డ సొమ్ము బిడ్డది. నాకంటూ ఒకటి వస్తాంటేనే ఆ బిడ్డ ముందర చెయ్యి చాచకుండా ఉండేది' అంది. నా దగ్గర దానికి జవాబు లేదు."

జవాబు లేదన్న ముక్క ఎవరూ వినలేదు. ముందు ముక్క మాత్రం ప్రవీణ్ కత్తిరించి, పాట తగిలించి పెడితే, ఆదివారానికల్లా జిల్లా అంతా ఫోన్లలో తిరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్ చేసి గోపాలస్వామిని సింహం అన్నారు. పుంగనూరులో కుర్రకారు కొట్టు ముందు ఆగి "పింఛను చిన్నక్క ఈమేనా?" అని వీడియోలు తీశారు.

ఆయన ప్రవీణ్‌కు ఫోన్ చేశాడు. "మిగతాది యాడ పెట్టినావప్పా?"

"మొత్తం వీడియో ఉండాది సార్. దాన్ని ఎవురు సూస్తారు? మీకిప్పుడు ఫాలోయింగ్ వచ్చేసింది."

"తీసెయ్."

ప్రవీణ్ తీసేశాడు. అప్పటికే అది అందరి ఫోన్లలోనూ ఉంది.

గురువారం గోపాలస్వామి పుంగనూరు బస్సు ఎక్కాడు. జేబులో కొత్త వ్యాసం. ఈసారి చిన్నక్క మాటతో మొదలుపెట్టి, తన తప్పేమిటో విడమరచి రాశాడు. ఏమని తిడుతుందో దారంతా ఊహించుకున్నాడు. గ్లాసు విసిరినా సరే అనుకున్నాడు.

చిన్నక్క ఆయన్ను చూసి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచింది.

"రండి సార్. కూర్చోండి."

ఆయన నిలబడే ఉన్నాడు. "చిన్నక్కా, నేను చెప్పింది అది కాదు."

"సంగీత ఊరికొచ్చి మొత్తం వీడియో పెట్టి సూపించింది సార్. ఇన్న్యాను."

"మరి?"

"ఆ మాటలు ఈడ నిలబడి నీతో అనుకున్న్యవి. ఈడ అనుకున్న్యవి ఈడనే ఉంటాయనుకుంటి." 'నీతో' అన్నందుకు ఆమే ఉలిక్కిపడినట్టు, "టీలో సక్కెర ఎయ్యాల్నా సార్?" అని అడిగింది. ఆయన చక్కెర వేసుకోడని ఆమెకు తెలియనిది కాదు.

ఆయన కాగితాలు తీసి చదివాడు. పాలు పొంగాయి, ఆమె దించింది. ఎక్కడా అడ్డు రాలేదు. చదవడం అయ్యాక పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు.

"బాగుండాది సార్" అంది చిన్నక్క.

ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట అనలేదు.

"ఒక్క మాటన్నా అను" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"మీరు పెద్దోళ్ళు. రాసేటోళ్ళు. మాకేం తెలుస్తాది?" అని, వెనక నిలబడ్డ ఆటో అతనికి గ్లాసు అందించడానికి తిరిగింది.

ఇప్పటికీ ఆయన గురువారం గురువారం వెళుతున్నాడు. కుర్చీ తుడిచి వేస్తుంది, ఆయన కూర్చుని చదువుతాడు, బాగుందంటుంది. మదనపల్లె బస్సులో కాగితాలు తీసి మళ్ళీ చూసుకుంటాడు. వాటిలో తప్పులున్నాయని ఆయనకు తెలుసు. ఎక్కడ గీత పెట్టాలో మాత్రం తెలియదు.