ఐదు గోల్స్ వదిలినవాడు

శనివారం పొద్దున ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ బస్సు డిపో క్యాంటీన్‌లో డ్రైవర్లందరూ ఫోన్లలో, నిజం మ్యాచ్‌ల్లో ఆటగాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లొచ్చే తమ ఫాంటసీ ఫుట్‌బాల్ జట్లు సర్దుకుంటారు. క్లిఫ్ పదిమందిని చిటికెలో ఎంచేస్తాడు. గోల్‌కీపర్ దగ్గరే ఆగిపోతాడు. టీ చల్లారిపోతున్నా పట్టించుకోడు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలితో కిందటి వారం ఫలితాలన్నీ జరుపుతూ, అందరికంటే ఎక్కువ గోల్స్ వదిలినవాణ్ణి వెతికి మరీ తీసుకుంటాడు. అందుకే డిపో పాయింట్ల పట్టికలో ఏ వారమైనా ఆఖరి పేరు అతనిదే.

టీ పోసే డోరీన్ కూడా ఈ ఆటలో ఉంది. మొన్న శనివారం అతని ఫోన్‌లోకి తొంగిచూసి మొత్తుకుంది. "ఐదు గోల్స్ వదిలాడయ్యా వాడు! అవి చేతులా, జల్లెళ్లా? నీకసలు బుద్ధెప్పుడొస్తుంది?"

క్లిఫ్ వేలు నిమురుకున్నాడు. "కుర్రతనంలో మన డిపో జట్టుకి గోల్‌కీపర్ని నేనే. ఒక ఆదివారం తొమ్మిది వదిలాను. మళ్లీ వారం జాబితాలో నా పేరు లేదు. ఒక్కడు తిట్టినా బాగుండేది తల్లీ. ఎవడూ ఏమీ అనలేదు."

డోరీన్ చల్లారిన టీ పారబోసి, వేడిది పోసింది.

ఆ సాయంత్రం ఆ గోల్‌కీపర్ ఇంకో నాలుగు వదిలాడు. సోమవారం గోడమీది పట్టికలో క్లిఫ్ అలవాటుగా అట్టడుగున చూశాడు. అక్కడ డోరీన్ పేరుంది. ఆమె జట్టులోనూ అదే గోల్‌కీపర్.