మునెమ్మవ్వ జులూ మాటలు

చిత్తూరు దారిలో బెల్లం వండే వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ బస్సు కిటికీలోంచి తల బయట పెడతాను. ఆ వాసన మునెమ్మవ్వది. తిరుపతిలో మా పక్కింటి ముసలామె. చెరకుతోటల్లో కూలికని ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పోయినవాళ్ల కడుపున పుట్టి, అక్కడి జులూ పిల్లలతో ఆడుకుంటూ పెరిగి, నడివయసులో మొగుడితో మా ఊరు చేరింది. మొగుడు పోయాక ఆ జులూ భాషలో ఆమెతో మాట్లాడే మనిషే లేకుండా పోయింది. అందుకని నన్ను పట్టుకుంది. నీళ్లంటే అమాంజి, మనిషంటే ఉముంతు. సరిగ్గా పలికితే బెల్లం ముక్క. నాకేమో మాటల మీద కన్నా బెల్లం మీదే ధ్యాస. బడిలో పిల్లలు నాకు అమాంజి అని పేరు పెట్టి ఏడిపించేసరికి, ఇక చచ్చినా పలకనని మొండికేశాను. అవ్వ కోప్పడలేదు.

"బదులు పలికేవాళ్లు లేకుంటే ఆ మాట నా నోట్లోనే ఎండిపోతాదమ్మే," అని మాత్రం అంది.

ఆమెవన్నీ కోతలని వీధిలో నవ్వుకునేవాళ్లు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అత్తను రైలెక్కించడానికి నాయన రేణిగుంట పోతుంటే అవ్వా, నేనూ తోడు వెళ్లాం. ప్లాట్‌ఫారం మీద మిలిటరీ రైలు ఆగి ఉంది, నిండా ఆఫ్రికా సిపాయిలు. జ్వరంతో ఉన్న ఒకతను కిటికీకి తల ఆనించి ఏదో అడుగుతున్నాడు. ఎవరికీ అర్థం కాలేదు, భయపడి దూరం జరిగారు. అవ్వ తిన్నగా కిటికీ దగ్గరికి పోయి, "అమాంజి?" అంది.

అతను తలెత్తాడు. "మాద్జి," అన్నాడు.

అవ్వ మా మరచెంబు లాక్కుని అతని చేతికిచ్చింది. అతను తాగాక ఇద్దరూ ఒక్కో మాటా జతచేసి చూసుకున్నారు. ఆమె ఉముంతు అంటే అతను మున్థు అన్నాడు. సగం మాటలు, సగం తలలూపడం. రైలు కదిలిందాకా అవ్వ ఆ కిటికీ వదల్లేదు. మీ నాటాలువాడా అని నాయన అడిగాడు.

"కాదప్పా. వాళ్ల దేశం యాడో, నాటాలు యాడో. మన తెలుగూ అరవం మాదిరి, చుట్టరికం ఉండే భాషలు. అయినా బదులు పలికినాడు సూడు," అంది. కళ్లనీళ్లు తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

ఇంటికొచ్చే దారిలో, అడగకుండానే, నాకు గుర్తున్న మాటలన్నీ ఆమెకు అప్పజెప్పాను. బెల్లం అడగలేదు.

అవ్వ పోయి ఎన్నేళ్లయిందో. బెల్లం వాసన తగిలినప్పుడల్లా ఆ మాటలు పైకే అనుకుంటాను. బస్సులో పక్కసీటువాళ్లు ఎగాదిగా చూస్తారు. ఒక్కరైనా బదులు పలికితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. అవ్వ నన్ను అడిగిందీ అంతే.